డిస్కు చేజారినా గుట్టు చేజారకుండా

2016లో మోర్గాన్ స్టాన్లీ అనే అమెరికా ఆర్థిక సేవల సంస్థ తన డేటా సెంటర్లు రెండింటిని మూసేసింది. పాత సర్వర్లను, హార్డ్‌డిస్కులను వదిలించుకునే పనిని సామాన్లు తరలించి గోదాముల్లో పెట్టే ఒక కంపెనీకి అప్పగించింది. డిస్కుల్లో డేటా చెరపడం ఆ కంపెనీకి తెలిసిన పని కాదు. వేల పరికరాలు చేతులు మారి, చివరికి ఇంటర్నెట్ వేలంలో అమ్ముడుపోయాయి. వాటిలో కొన్నింట్లో ఖాతాదారుల వివరాలు ఉన్నవి ఉన్నట్టే ఉన్నాయి. శాఖా కార్యాలయాల్లోని పాత సర్వర్లను మార్చేటప్పుడు లెక్క చూసుకుంటే 42 సర్వర్లు కనిపించలేదు. 2020 అక్టోబరులో అక్కడి బ్యాంకుల నియంత్రణ సంస్థ 6 కోట్ల డాలర్లు, 2022 సెప్టెంబరులో స్టాక్ మార్కెట్ల నియంత్రణ సంస్థ ఎస్‌ఈసీ 3.5 కోట్ల డాలర్లు జరిమానా వేశాయి. రెండూ కలిపితే అప్పటి మారకం ధరల్లో 700 కోట్ల రూపాయలు దాటుతుంది. ఎస్‌ఈసీ లెక్క ప్రకారం ఇందులో చిక్కుకున్న ఖాతాదారులు సుమారు కోటీ 50 లక్షల మంది. అంటే ఒక్కో ఖాతాదారు పేరున సంస్థ దాదాపు 470 రూపాయలు కట్టినట్టు.

ఎస్‌ఈసీ బయటపెట్టిన వివరాల్లో అన్నిటికంటే బాధపెట్టేది ఒకటుంది. శాఖల్లోని ఆ పరికరాల్లో ఎన్‌క్రిప్షన్ సదుపాయం ముందే ఉంది. ఏళ్ల తరబడి దాన్ని ఎవరూ ఆన్ చేయలేదు.

ఎన్‌క్రిప్షన్ అంటే ఒక రహస్య సంఖ్య సాయంతో డేటాను అర్థంకాని అంకెల కుప్పగా మార్చడం. ఆ సంఖ్య దగ్గరున్నవాళ్లకే అది మళ్లీ చదవడానికి వస్తుంది. ఆ రహస్య సంఖ్యనే కీ అంటారు. ఆ సర్వర్లలో ఎన్‌క్రిప్షన్ ఆన్‌లో ఉండి ఉంటే, కనిపించకుండా పోయిన 42 పెట్టెల్లో ఎవరికీ పనికిరాని అంకెలే మిగిలేవి.

ఇదంతా లక్షల ఖాతాలున్న పెద్ద సంస్థల గొడవ అనిపించవచ్చు. ఒక డయాగ్నస్టిక్ సెంటర్ లెక్క చూద్దాం. రోగి పేరు, వయసు, ఫోన్ నంబరు, చిరునామా, పరీక్ష ఫలితం... ఒక్కో రికార్డు 2 కేబీ అనుకుందాం. లక్ష మంది రికార్డులు 200 ఎంబీ, అంటే ఫోన్‌లో తీసిన కొద్ది నిమిషాల వీడియో అంత. 16 జీబీ పెన్‌డ్రైవ్‌లో ఇలాంటివి 80 లక్షలు పడతాయి. ఒక మాదిరి పట్టణంలోని ఆస్పత్రి, స్కూలు, సహకార పరపతి సంఘం దగ్గరున్న రికార్డులన్నీ కలిపినా ఒక జేబులో పట్టేస్తాయి. పెద్ద సంస్థలకు కాపలా ఉన్న డేటా సెంటర్లయినా ఉంటాయి. చిన్న సంస్థల సర్వర్ రిసెప్షన్ వెనక గదిలో, ఏసీ కింద, ఎవరి చేతికైనా అందేలా ఉంటుంది. కాబట్టి ఎన్‌క్రిప్షన్ అవసరం చిన్నవాళ్లకే ఎక్కువ అని నా నమ్మకం.

పాస్‌వర్డ్ ఉంది కదా?

మొదట వచ్చే సందేహం ఇదే. సర్వర్‌లోకి వెళ్లాలంటే పాస్‌వర్డ్ కావాలి, డేటాబేస్‌కి ఇంకో పాస్‌వర్డ్ ఉంది, ఇంకా ఎందుకు?

ఆ రెండు పాస్‌వర్డులనూ అడిగేది నడుస్తున్న సాఫ్ట్‌వేర్. డిస్కు ఊడదీసి మరో కంప్యూటర్‌కి తగిలిస్తే ఆ సాఫ్ట్‌వేర్ అసలు నడవదు, అడిగేవాళ్లే ఉండరు. 'ఈ ఫైలు ఫలానా యూజర్ మాత్రమే చూడాలి' అన్న అనుమతులను కూడా కొత్త కంప్యూటర్ యజమాని పట్టించుకోనక్కర్లేదు. పోస్ట్‌గ్రెస్, మైఎస్‌క్యూఎల్ లాంటి డేటాబేస్‌లు మామూలు అమరికలో పేర్లను, ఫోన్ నంబర్లను డిస్కు మీద దాదాపు ఉన్నవి ఉన్నట్టే రాస్తాయి. ఆ ఫైళ్లను డేటాబేస్ సాఫ్ట్‌వేర్ లేకుండా, సాదా అక్షరాలను ఏరి చూపే ఒక చిన్న కమాండ్‌తో తెరిచినా పేర్లు బయటపడతాయి. దీనికి హ్యాకర్ కానక్కర్లేదు. ఒక స్క్రూడ్రైవర్, పది నిమిషాల సమయం చాలు.

ఎన్‌క్రిప్షన్ ఎక్కడ పెట్టాలి?

డేటాబేస్ ఒక రికార్డు రాస్తే అది నేరుగా డిస్కుకు చేరదు. డేటాబేస్ దాన్ని ఫైలుగా అందిస్తుంది. ఫైళ్లు, ఫోల్డర్ల లెక్క చూసే భాగం, అంటే ఫైల్‌సిస్టమ్, ఆ ఫైలును ముక్కలు చేస్తుంది. ఆ ముక్కలు డిస్కు మీద నిర్ణీత సైజు గళ్లలోకి వెళ్తాయి. ఈ దారిలో ఎన్‌క్రిప్షన్‌ను ఎక్కడైనా పెట్టవచ్చు, కానీ ఎక్కడ పెట్టామన్నదాన్ని బట్టి దొంగకు కనిపించేది మారుతుంది.

అట్టడుగున, డిస్కు గళ్ల దగ్గర పెడితే పార్టిషన్, అంటే డిస్కులో విడదీసిన భాగం, మొత్తం ఒక్క ముద్దగా మారిపోతుంది. ఎన్ని ఫైళ్లున్నాయో, వాటి పేర్లేమిటో, ఏది ఎంత పెద్దదో ఏదీ తెలియదు. లినక్స్ అనే ఆపరేటింగ్ సిస్టమ్‌లో 2004 నుంచి ఉన్న డీఎం-క్రిప్ట్, దానికి తోడైన లక్స్ అనే పద్ధతి చేసేది ఇదే. ఒక మెట్టు పైన, ఫైల్‌సిస్టమ్‌లోనే పెడితే కోరుకున్న ఫోల్డర్లను మాత్రమే మార్చవచ్చు. లినక్స్‌లో ఎక్కువగా వాడే ఎక్స్‌ట్4 ఫైల్‌సిస్టమ్‌కి ఈ వీలు 2015లో, ఓపెన్ జెడ్‌ఎఫ్‌ఎస్‌కి 2019లో వచ్చింది. ఎక్స్‌ట్4 పద్ధతిలో ఫైలు లోపలి రాత, ఫైలు పేరు దాగుతాయి. సైజు, చివరిగా మారిన సమయం మాత్రం పైకి కనిపిస్తాయి. ఇంకా పైకి వెళ్తే డేటాబేస్ తనంతట తానే ఎన్‌క్రిప్ట్ చేసుకోవచ్చు. మైఎస్‌క్యూఎల్‌కి, ఒరాకిల్‌కి ఆ సదుపాయం ఉంది. పోస్ట్‌గ్రెస్ మూల సాఫ్ట్‌వేర్‌లో మొత్తం డేటాబేస్‌ను అలా మార్చే ఏర్పాటు లేదు. డిస్కు స్థాయిలోనో ఫైల్‌సిస్టమ్ స్థాయిలోనో చేసుకోవచ్చని దాని పత్రాలే దారి చూపిస్తాయి.

ఒకే సర్వర్ ఉన్న చిన్న సంస్థ అట్టడుగునే, లక్స్‌తో మొదలుపెట్టడం మేలని నా సలహా. ఫోల్డర్లను ఎంచుకునే చోట ఏదో ఒకటి మరిచిపోతాం. డేటాబేస్ ఫోల్డర్‌ను భద్రం చేసి, ప్రతి మార్పునూ ముందుగా రాసిపెట్టే లాగ్ ఫైళ్లను వేరే ఫోల్డర్‌లో బాహాటంగా వదిలేస్తే, దొంగకు ఆ లాగ్ చాలు. పెద్ద లెక్కలు చేసేటప్పుడు డేటాబేస్ సృష్టించే తాత్కాలిక ఫైళ్లు, ర్యామ్ చాలనప్పుడు డిస్కు మీదకి దింపే స్వాప్ స్థలం, ప్రోగ్రాం కూలినప్పుడు పడే మెమరీ నకళ్లు... ఇవన్నీ రోగి పేరు దాగి ఉండే చోట్లే. మొత్తం డిస్కును మార్చేస్తే ఇన్ని గుర్తుపెట్టుకునే పని ఉండదు.

ఎంత గట్టిది?

లక్స్ మామూలుగా వాడేది ఏఈఎస్ అనే పద్ధతి. బెల్జియంకి చెందిన యోవాన్ డామెన్, విన్సెంట్ రైమెన్ దీన్ని రూపొందించారు. అమెరికా ప్రమాణాల సంస్థ నిస్ట్ 1997లో బహిరంగ పోటీ ప్రకటిస్తే 15 ప్రతిపాదనలు బరిలో నిలిచాయి. ప్రపంచం నలుమూలల నిపుణులు వాటిని విరగ్గొట్టడానికి ప్రయత్నించాక ఇది గెలిచింది, 2001 నవంబరులో ప్రమాణంగా వెలువడింది. పద్ధతిలో రహస్యమేమీ లేదు, ఎవరైనా చదువుకోవచ్చు. రహస్యమంతా కీలోనే.

ఏఈఎస్ డేటాను 16 బైట్ల ముక్కలుగా తీసుకుని, కీతో కలిపి పలు విడతలు కలియబెడుతుంది. 128 బిట్ల కీ అయితే 10 విడతలు, 256 బిట్లయితే 14. పోస్ట్‌గ్రెస్ డిస్కు మీద రాసే ఒక పేజీ 8 కేబీ, అంటే 512 ముక్కలు. డిస్కు మీద స్థలం మారితే ఒకే పేరు కూడా వేరే రూపంలోకి మారేలా, గడి నంబరును కూడా లెక్కలో కలుపుతారు. లేకపోతే ఒకే ఊరి పేరు వెయ్యి చోట్ల ఒకేలా కనిపించి, ఎన్‌క్రిప్ట్ చేసినా కొంత గుట్టు రట్టయ్యేది.

చిన్నదైన 128 బిట్ల కీ సంగతే చూద్దాం. సాధ్యమైన కీల సంఖ్య 39 అంకెల పొడవు ఉంటుంది. వంద కోట్ల కంప్యూటర్లు, ఒక్కొక్కటి సెకనుకు లక్ష కోట్ల కీలు ప్రయత్నిస్తాయనుకుందాం. అన్నీ ప్రయత్నించడానికి పట్టే కాలం సుమారు 1,080 కోట్ల ఏళ్లు. విశ్వం పుట్టి 1,380 కోట్ల ఏళ్లయిందని శాస్త్రవేత్తల లెక్క. 256 బిట్ల కీ అయితే ఆ కాలాన్ని మరో 39 అంకెల సంఖ్యతో హెచ్చించాలి. ఇంత కష్టపడి కీని ఊహించే దొంగ ఉండడు. వాడు చూసేది మనం పెట్టుకున్న పాస్‌ఫ్రేజ్ వైపు.

పాస్‌ఫ్రేజ్ అంటే కీని బయటికి తీసే పదాల వరుస, పొడవాటి పాస్‌వర్డ్. అసలు కీ కంప్యూటర్ యాదృచ్ఛికంగా తయారు చేసిన సంఖ్య. దాన్ని ఎవరూ గుర్తుపెట్టుకోలేరు కాబట్టి లక్స్ ఆ కీని పాస్‌ఫ్రేజ్‌తో మూసి, డిస్కు మొదట్లో హెడర్ అనే చిన్న భాగంలో ఉంచుతుంది. డిస్కు దొరికినవాడికి హెడర్ కూడా దొరుకుతుంది. పాస్‌ఫ్రేజ్ బలహీనమైతే 39 అంకెల బలం అక్కరకు రాదు.

ఎనిమిది చిన్న ఇంగ్లిష్ అక్షరాలతో ఏర్పడే పాస్‌వర్డులు మొత్తం 20,883 కోట్లు. సెకనుకు వెయ్యి కోట్ల ప్రయత్నాలు చేసే యంత్రానికి ఇది 21 సెకన్ల పని. ఈ వేగాన్ని అడ్డుకోవడానికే లక్స్ రెండో తరం ఆర్గాన్2 అనే పద్ధతి వాడుతుంది. 2015లో ముగిసిన పాస్‌వర్డ్ భద్రతా పద్ధతుల పోటీలో గెలిచింది ఇదే. ఒక్కో ప్రయత్నానికి కావాలనే ఎక్కువ మెమరీ, ఎక్కువ సమయం తీసుకోవడం దీని పని. మామూలు అమరికలో మీ సర్వర్ మీద ఒక ప్రయత్నానికి దాదాపు 2 సెకన్లు పట్టేలా అది సర్దుకుంటుంది. మీకు సర్వర్ ఆన్ చేసినప్పుడు 2 సెకన్లు ఆలస్యం. దొంగకు అవే 20,883 కోట్ల ప్రయత్నాలు, మీ సర్వర్ లాంటి వెయ్యి యంత్రాలు పెట్టినా, 13 ఏళ్లు.

అయితే దొంగ వరుసగా అన్నీ ప్రయత్నించడు. ఊరి పేరు, దేవుడి పేరు, సినిమా హీరో పేరు, వెనక 123 తగిలించినవి ముందు చూస్తాడు. అలాంటి 5 లక్షల మాటల జాబితా ఒక్క యంత్రం మీద 12 రోజుల్లో పూర్తవుతుంది. మీ పాస్‌ఫ్రేజ్ ఆ జాబితాలో ఉంటే ఆర్గాన్2 కూడా కాపాడలేదు. అందుకే పాచికలు వేసి పదాలు ఎంచుకునే పద్ధతిని గట్టిగా చెబుతాను. 7,776 పదాల జాబితాలోంచి పాచికలు చెప్పిన ఆరు పదాలు తీసుకుంటే సాధ్యమైన వరుసలు 24 అంకెల సంఖ్య అవుతాయి. పైన చెప్పిన వెయ్యి యంత్రాలకు అది 14 లక్షల కోట్ల ఏళ్ల పని. పదాలను మీరు మనసులో అనుకుని ఎంచుకోకూడదు, పాచికలే ఎంచాలి.

సర్వర్ నెమ్మదిస్తుందా?

2010 ప్రాంతం నుంచి ఇంటెల్ ప్రాసెసర్లలో, ఆ తర్వాత ఇతర కంపెనీల వాటిలోనూ ఏఈఎస్ లెక్క చేసే ప్రత్యేక ఆదేశాలు వచ్చాయి. అవి ఉన్న సర్వర్‌లో ఒక్క కోర్ సెకనుకు 2 జీబీ ఎన్‌క్రిప్ట్ చేస్తుందనుకుంటే, 8 కేబీ పేజీకి పట్టేది 4 మైక్రోసెకన్లు, అంటే సెకనులో పది లక్షల వంతుల్లో నాలుగు. అదే పేజీని ఎస్‌ఎస్‌డీ నుంచి తేవడానికి సుమారు 100 మైక్రోసెకన్లు, తిరిగే హార్డ్‌డిస్కు నుంచి అయితే 8,000 నుంచి 10,000. మన డయాగ్నస్టిక్ సెంటర్ డేటాబేస్ రోజుకు 10 లక్షల పేజీలు చదివి రాసినా, ఎన్‌క్రిప్షన్ కోసం ప్రాసెసర్ ఖర్చుపెట్టేది రోజంతా కలిపి 4 సెకన్లు. పైగా తరచూ వాడే పేజీలను డేటాబేస్ ర్యామ్‌లోనే ఉంచుకుంటుంది కాబట్టి చాలాసార్లు డిస్కు దాకా వెళ్లే పనే ఉండదు.

ఆ ప్రత్యేక ఆదేశాలు లేని పాత ప్రాసెసర్లలో, రాస్‌ప్‌బెర్రీ పై 4 లాంటి చిన్న బోర్డుల్లో వేగం బాగా పడిపోతుంది. సెకనుకు వేల పేజీలు రాసే భారీ డేటాబేస్‌ల సంగతీ వేరు. అక్కడ కొలిచి చూడాలి. లినక్స్‌లో క్రిప్ట్‌సెటప్ అనే ఉపకరణంలోనే వేగం కొలిచే కమాండ్ ఉంది, నిమిషంలో జవాబు చెబుతుంది.

అర్ధరాత్రి కరెంటు పోతే?

అసలు కష్టం ఇక్కడుంది. ఎన్‌క్రిప్షన్ వద్దనుకునేవాళ్లలో ఎక్కువమంది భయమూ ఇదే, అది న్యాయమైన భయం. సర్వర్ ఆగి మళ్లీ లేచినప్పుడు కీ కావాలి. రాత్రి 2 గంటలకు కరెంటు పోయి వస్తే పాస్‌ఫ్రేజ్ ఎవరు కొడతారు?

విసుగెత్తి చాలామంది చేసే పని, కీని ఒక ఫైలులో పెట్టి అదే డిస్కు మీద ఎన్‌క్రిప్ట్ కాని భాగంలో ఉంచడం. సర్వర్ తనంతట తానే లేస్తుంది. డిస్కు ఎత్తుకెళ్లినవాడికీ అంతే సులువుగా లేస్తుంది. దానికంటే ఎన్‌క్రిప్షన్ లేకపోవడమే నయం. కనీసం భద్రంగా ఉన్నామన్న భ్రమ ఉండదు.

రోజుకోసారి కరెంటు పోని చోట, మంచి యూపీఎస్ ఉన్న చోట, మనిషే పాస్‌ఫ్రేజ్ కొట్టడం అన్నిటికంటే నమ్మకమైనది. ఇంటి నుంచి కూడా కొట్టవచ్చు: సర్వర్ పూర్తిగా లేవకముందే నెట్‌వర్క్ మీద పాస్‌ఫ్రేజ్ అందుకునే చిన్న ఏర్పాటు లినక్స్‌లో ఉంది. రాత్రి మేనేజర్ నిద్ర లేవాల్సి వస్తుందన్నది నిజమే. ఏడాదికి రెండు మూడుసార్లు జరిగే పని అయితే ఆ ఇబ్బంది భరించదగ్గదే.

టీపీఎం మరో మార్గం. ఇది మదర్‌బోర్డు మీద ఉండే చిన్న చిప్. కీని తనలో దాచుకుని, అదే కంప్యూటర్, అదే సాఫ్ట్‌వేర్ లేచినప్పుడు మాత్రమే ఇస్తుంది. డిస్కు ఒక్కటే ఊడదీసుకుపోతే దొంగకు ఏమీ దక్కదు. చెడిపోయిన డిస్కును వారంటీకి పంపినా భయం లేదు. కానీ సర్వర్ మొత్తాన్ని ఎత్తుకెళ్లి ఆన్ చేస్తే చిప్ వాడికీ కీ ఇచ్చేస్తుంది, ఇక మిగిలే అడ్డు లాగిన్ పాస్‌వర్డ్ ఒక్కటే. చిన్న ఆఫీసుల్లో దొంగలు స్క్రూలు విప్పుతూ కూర్చోరు, పెట్టెతో సహా పట్టుకుపోతారు. అందుకే టీపీఎం ఒక్కదాన్నే నమ్ముకోవద్దు. దానికి ఒక పిన్ జోడించే వీలుంది, కాకపోతే మళ్లీ మనిషి కావాలి.

నాకు బాగా నచ్చినది మూడో మార్గం. టాంగ్ అనే చిన్న సాఫ్ట్‌వేర్‌ను అదే ఆఫీసు నెట్‌వర్క్‌లో వేరే గదిలోని మరో చిన్న కంప్యూటర్‌లో పెడతారు. సర్వర్ లేచేటప్పుడు దాన్ని పలకరించి, దాని సాయంతో కీని తిరిగి లెక్కగడుతుంది. కీ ఆ రెండో కంప్యూటర్‌లో నిల్వ ఉండదు, వైరు మీద ప్రయాణించదు. సర్వర్ గడప దాటితే పలకరించడానికి టాంగ్ అందదు, డిస్కు తెరుచుకోదు. ఆఫీసులో ఉన్నంతవరకు ఎవరినీ నిద్ర లేపకుండా తెరుచుకుంటుంది. రెండు యంత్రాలనూ ఒకే బల్ల మీద పెడితే మాత్రం ఈ ఏర్పాటుకు అర్థం లేదు.

పాస్‌ఫ్రేజ్ తెలిసినవాళ్లు మానేస్తే, మరిచిపోతే, చనిపోతే? లక్స్ దీన్ని ముందే ఆలోచించింది. ఒకే బీరువాకు పలు తాళంచెవులు చేయించుకున్నట్టు, ఒకే కీని వేర్వేరు పాస్‌ఫ్రేజ్‌లతో తీసే వీలుంది. మొదటి తరం లక్స్‌లో 8 మందికి, రెండో తరంలో 32 దాకా ఇవ్వవచ్చు. యజమానికి ఒకటి, సిస్టమ్స్ చూసేవారికి ఒకటి, టాంగ్‌కి ఒకటి, కాగితం మీద రాసి సీలు చేసి బ్యాంకు లాకర్‌లో ఒకటి. ఉద్యోగి వెళ్లిపోతే ఆయన పాస్‌ఫ్రేజ్ తీసేస్తే సరిపోతుంది, 500 జీబీ మళ్లీ మార్చనక్కర్లేదు. ఒక్క మినహాయింపు ఉంది: వెళ్లిన మనిషి పాత హెడర్ నకలు తీసుకెళ్లి ఉంటే, ఆ నకలు, పాత పాస్‌ఫ్రేజ్ కలిసి ఆ డిస్కును ఇంకా తెరవగలవు. అనుమానం ఉంటే డిస్కు మొత్తాన్ని కొత్త కీతో మళ్లీ ఎన్‌క్రిప్ట్ చేయాలి.

హెడర్ గురించి ఇంకో మాట. రెండో తరం లక్స్‌లో అది మామూలుగా 16 ఎంబీ. 4 టీబీ డిస్కులో రెండున్నర లక్షల వంతు. ఆ చిన్న భాగం పాడైతే, పాస్‌ఫ్రేజ్ తెలిసినా మిగిలిన డిస్కంతా పోయినట్టే. పోయిన డేటా రాబట్టే షాపులు కూడా చేతులెత్తేస్తాయి. హెడర్‌ను నకలు తీయడం ఒక కమాండ్ పని. ఎన్‌క్రిప్ట్ చేసిన రోజే ఆ పని చేసి, నకలును వేరే చోట దాచాలి.

నకళ్ల సంగతి

సర్వర్ నడుస్తున్నప్పుడు డేటాబేస్ నుంచి బ్యాకప్ తీస్తే, ఆ ఫైలు ఎన్‌క్రిప్ట్ అయి రాదు. తెరిచి ఉన్న డిస్కు నుంచే చదువుతుంది కాబట్టి మామూలు అక్షరాల్లోనే బయటికొస్తుంది. దాన్ని బయటి హార్డ్‌డిస్కులోకి ఎక్కించి అలమరలో పెడితే, సర్వర్‌కు పడిన శ్రమంతా వృథా.

2007లో బ్రిటన్ పన్నుల శాఖ అనుభవం ఇదే. పిల్లల భత్యం పొందే కుటుంబాల వివరాలను రెండు డిస్కుల మీద ఎక్కించి ఆడిట్ కార్యాలయానికి తపాలాలో పంపారు. అవి చేరలేదు. వాటిలో ఉన్నది 2.5 కోట్ల మంది సమాచారం. దేశ జనాభాలో పదిమందికి నలుగురు. డిస్కులకు పాస్‌వర్డ్ ఉంది, ఎన్‌క్రిప్షన్ లేదు. ఆ శాఖ అధిపతి రాజీనామా చేశారు. సర్వర్ గదిలో ఎంత కాపలా ఉన్నా, నకలు బయట ప్రయాణిస్తుంటే దాని భద్రతే మొత్తం భద్రత.

బయటి డిస్కును కూడా లక్స్‌తోనే ఎన్‌క్రిప్ట్ చేయవచ్చు. క్లౌడ్‌కు పంపేదైతే పంపకముందే ఎన్‌క్రిప్ట్ చేయాలి. క్లౌడ్ కంపెనీలు తమ డిస్కులను ఎన్‌క్రిప్ట్ చేస్తాయి కదా అంటారా? చేస్తాయి. అమెజాన్ ఎస్3 నిల్వలో 2023 జనవరి నుంచి కొత్తగా చేరే ప్రతి ఫైలూ మనం అడగకపోయినా ఎన్‌క్రిప్ట్ అవుతుంది. ఆ డేటా సెంటర్‌లో డిస్కు దొంగతనం జరిగితే అది పనికొస్తుంది. కీ మాత్రం కంపెనీ దగ్గరే ఉంటుంది. మీ క్లౌడ్ ఖాతా పాస్‌వర్డ్ ఎవరికైనా తెలిస్తే, ఫైలు వాళ్లకు తెరిచే అందుతుంది.

ఇది దేన్ని ఆపదు?

ఇక్కడ సూటిగా చెప్పాలి, ఎందుకంటే ఎన్‌క్రిప్షన్ పెట్టాక ఇక అంతా భద్రమేనన్న ధీమా వస్తుంది. సర్వర్ నడుస్తున్నంతసేపు డిస్కు తెరిచే ఉంటుంది. మీ వెబ్‌సైట్‌లోని లోపం ద్వారా డేటాబేస్‌కు దొంగ ప్రశ్నలు పంపేవాడికి అది జవాబు చెబుతుంది. అడ్మిన్ పాస్‌వర్డ్ సంపాదించినవాడికి, అడ్మినే దొంగ అయితే అతనికి, అన్నీ కనిపిస్తాయి. ఫైళ్లను తాకట్టు పెట్టుకుని డబ్బడిగే ర్యాన్సమ్‌వేర్ మీ ఎన్‌క్రిప్షన్ పైనే తన ఎన్‌క్రిప్షన్ వేసేస్తుంది. డిస్కు గళ్లను ఎవరైనా చెడగొట్టినా మామూలు అమరిక దాన్ని పసిగట్టదు. దాచడం దాని పని, మార్పును పట్టుకోవడం కాదు.

నడుస్తున్న సర్వర్ ర్యామ్‌లో కీ కూడా ఉంటుంది. 2008లో ప్రిన్స్‌టన్ పరిశోధకుల బృందం ర్యామ్ చిప్‌లను బాగా చల్లబరిచి, కరెంటు తీసేశాక కూడా నిమిషాల తరబడి వాటిలో కీ నిలిచి ఉంటుందని చూపింది. మామూలు దొంగకు ఇది చేతకాదు. ఎవరైనా పట్టు పట్టి మీ వెంటపడితే మాత్రం గదికి తాళం కూడా ఎన్‌క్రిప్షన్‌లో భాగమే అనుకోవాలి.

కార్డు చెల్లింపుల భద్రతా ప్రమాణాలను నిర్ణయించే పీసీఐ సంస్థ డిస్కు ఎన్‌క్రిప్షన్‌కున్న ఈ పరిమితిని రాతపూర్వకంగానే పెట్టింది. 2022లో వెలువడిన నాలుగో కూర్పు ప్రకారం, సర్వర్‌లో స్థిరంగా ఉండే డిస్కుల మీద కార్డు నంబర్లకు డిస్కు ఎన్‌క్రిప్షన్ ఒక్కటే చాలదు, దానికి తోడు మరో పద్ధతిలోనూ ఆ నంబర్లను చదవలేని రూపంలోకి మార్చాలి. ఈ నిబంధన 2025 మార్చి 31 తర్వాత తప్పనిసరైంది. మీ దగ్గర ఆధార్ నంబర్లు, కార్డు నంబర్లు, హెచ్‌ఐవీ పరీక్ష ఫలితాల లాంటివి ఉంటే, ఆ కాలమ్‌లను అప్లికేషన్‌లోనే విడిగా ఎన్‌క్రిప్ట్ చేయించండి. అన్ని కాలమ్‌లూ అక్కర్లేదు. వెతకడానికి రోజూ వాడే పేరు కాలమ్‌ను అలా మారిస్తే వెతుకులాట కష్టమవుతుంది.

మన దేశంలో 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం, తగిన భద్రతా ఏర్పాట్లు చేయని సంస్థలకు 250 కోట్ల రూపాయల దాకా జరిమానా వేయవచ్చని చెబుతోంది. 2025 నవంబరులో వచ్చిన నియమాలు ఆ ఏర్పాట్లలో ఎన్‌క్రిప్షన్‌ను పేరు పెట్టి ప్రస్తావించాయి. 250 కోట్లు గరిష్ఠం, చిన్న క్లినిక్‌కు అంత వేస్తారని కాదు. డిస్కు ఎన్‌క్రిప్షన్‌కు కావాల్సిన సాఫ్ట్‌వేర్ మాత్రం ఉచితం.

పాత డిస్కు, కొత్త డిస్కు

ఎన్‌క్రిప్షన్ తెచ్చే ఇంకో మేలు డిస్కును పారేసే రోజున తెలుస్తుంది. 4 టీబీ హార్డ్‌డిస్కు మీద మొదటి నుంచి చివరిదాకా సున్నాలు రాసి చెరపాలంటే, సెకనుకు 150 ఎంబీ చొప్పున ఏడున్నర గంటలు పడుతుంది. చెడిపోయిన డిస్కయితే అసలు రాయనివ్వదు. ఎన్‌క్రిప్ట్ చేసిన డిస్కులో కీని నాశనం చేస్తే, అంటే 16 ఎంబీ హెడర్‌ను, దాని నకళ్లను చెరిపేస్తే, మిగిలినదంతా అంకెల కుప్ప. నిస్ట్ మార్గదర్శకాలు దీన్ని డేటా చెరిపే పద్ధతిగానే గుర్తించాయి. ఎస్‌ఎస్‌డీలు పాత రాతలను లోపల వేరే చోట మిగుల్చుకోవచ్చు కాబట్టి, వాటికి తయారీదారు ఇచ్చే చెరిపివేత ఆదేశాన్ని కూడా వాడాలి.

అదే కారణంగా, ఇప్పటికే డేటా ఉన్న ఎస్‌ఎస్‌డీని ఉన్నచోటే మార్చడం కంటే కొత్త డిస్కు కొనడం మంచిది. ఖాళీ డిస్కును ముందు ఎన్‌క్రిప్ట్ చేసి, ఆపైన డేటాబేస్ ఆపి, నకలు చేసుకుని, అక్కడి నుంచి మళ్లీ నడిపించాలి. 500 జీబీని సెకనుకు 150 ఎంబీ చొప్పున మార్చడానికి 56 నిమిషాలు. తడబాట్లకు, పరీక్షలకు సమయం కలుపుకుని ఒక ఆదివారం మధ్యాహ్నం పెట్టుకోండి. మొదలుపెట్టే ముందు బ్యాకప్ తీయడమే కాదు, దాన్ని వేరే కంప్యూటర్‌లో తిరిగి ఎక్కించి తెరుచుకుంటుందో లేదో చూడండి. ఈ ఒక్క మెట్టునూ వదిలేసినవాళ్లకు ఎన్‌క్రిప్షన్ వల్ల మేలుకంటే కీడు జరిగే ప్రమాదం ఎక్కువ. పాత డిస్కును సొరుగులో పడేయకుండా ఆ వారంలోనే చెరిపించండి.

మీరు కంప్యూటర్ మనిషి కాకపోయినా పర్వాలేదు. మీ సర్వర్ చూసుకునేవారిని ఈ వారంలో కూర్చోబెట్టి అడగండి: సర్వర్ ఆగి లేస్తే కీ ఎక్కడి నుంచి వస్తుంది? పాస్‌ఫ్రేజ్ మీకు కాక ఇంకెవరికి తెలుసు? హెడర్ నకలు ఎక్కడ ఉంది? బ్యాకప్‌ను చివరిసారి తెరిచి చూసింది ఎప్పుడు? జవాబులు సరిగ్గా రాకపోతే ముందుగా బ్యాకప్ డిస్కునే ఎన్‌క్రిప్ట్ చేయించండి. దానికి సర్వర్ ఆపనక్కర్లేదు, రాత్రి కరెంటు బెంగ లేదు, ఒక పూటలో అయిపోతుంది.